ముందు ఆ సగం మాత్ర ఆపండి

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. మా కుక్క పేరు బాఘా. పక్కింటి ఒడియా వాళ్ళు పెట్టిన పేరు, అదే స్థిరపడిపోయింది. పధ్నాలుగేళ్ళ క్రితం కొట్టు ముందు వానలో తడుస్తున్న కుక్కపిల్లను మామయ్యగారు ఇంటికి తెచ్చారట. అప్పటి నుంచి పొద్దున్నే ఆయనతో కొట్టుకు వెళ్ళడం, రాత్రి ఆయనతోనే తిరిగి రావడం. ఇప్పుడు వెనక కాళ్ళు పడిపోయాయి. పడుకున్న చోటే తడిపేసుకుంటోంది. నీళ్ళు విపరీతంగా తాగుతుంది, అన్నం ముట్టదు, నోరు వాసనొస్తోంది. ఊళ్ళో డాక్టరు చూసి, కిడ్నీలు పోయుంటాయి, సూది వేయించేయండి అన్నారు. మామయ్యగారు ఏమీ మాట్లాడరు. రాత్రిపూట తన మోకాళ్ళ నొప్పుల మాత్ర సగం విరిచి దానికి పెడతారు. అత్తయ్యగారేమో ఇంట్లో ప్రాణం తీయకూడదు, అందులోనూ కార్తీక మాసం, ధర్మరాజంతటి వాడు స్వర్గం గుమ్మంలో కూడా కుక్కను విడవలేదు అంటున్నారు. మరిది కొండవార పొలంలో పాక దగ్గర వదిలేద్దాం, కాపలా వాళ్ళు చూసుకుంటారు అంటాడు. మా ఆయన విశాఖలో ఉద్యోగం, ఆదివారాలే వస్తారు. పాప మూడో తరగతి. గుడ్డలు మార్చేది, ఉతికేది నేనే. నిజం చెప్పాలంటే విసుగొస్తోంది. ఇవాళ పోతే బాగుండు అని ఒక్కోసారి అనిపిస్తుంది. సూది వేయించాలని నాకు అనిపిస్తున్నది దాని కోసమా, నా కోసమా? ఈ ఆలోచనతో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకు తర్వాత వస్తాను. అంతకంటే తొందర పని ఒకటి ఉంది. మామయ్యగారి మాత్రల స్ట్రిప్ మీద ఏం రాసి ఉందో ఇప్పుడే చూడండి. మోకాళ్ళ నొప్పులకు మనవైపు ఎక్కువగా వాడేవి డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్. చాలాసార్లు పారాసిటమాల్ కూడా కలిపి ఉంటుంది. వీటిలో ఏదైనా సరే, ఈ రాత్రి నుంచి బాఘాకు పెట్టకండి. మనిషికి సరిపడే ఈ మందులు కుక్కకు సరిపడవు. కడుపులో పుండ్లు పడి లోపల రక్తం కారుతుంది. మూత్రపిండాలకు వెళ్ళే రక్తం తగ్గి, అసలే ముసలివైన కిడ్నీలు ఇంకా దెబ్బతింటాయి. విరేచనం తారులా నల్లగా అవుతోందేమో గమనించండి. అలా ఉంటే కడుపులో రక్తస్రావం మొదలైనట్టే, రేపటిదాకా ఆగొద్దు, డాక్టరుకు చెప్పండి. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని మన దేశంలో 2006లోనే నిషేధించారు. అది రాబందుల కోసం పెట్టిన నిషేధం. ఆ మందు వాడిన పశువుల కళేబరాలు తిని అవి కిడ్నీలు పాడై గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. మనుషుల మాత్ర మాత్రం మందుల షాపులో దొరుకుతూనే ఉంటుంది, ఇంట్లో ముసలి కుక్క మూలుగుతుంటే చెయ్యి దాని మీదికే వెళ్తుంది. పశువైద్యుడిగా పనిచేసిన రోజుల్లో ఇది చాలా ఇళ్ళల్లో చూశాను. పెట్టినవాళ్ళు ఎప్పుడూ ఆ కుక్కను అందరికంటే ఎక్కువ ప్రేమించినవాళ్ళే.

ఇది ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, అన్నం ముట్టకపోవడం, నోటి వాసన, నీరసం వయసు వల్ల వచ్చిన కిడ్నీ జబ్బు లక్షణాలు కావచ్చు. ఆ మాత్ర వల్లా కావచ్చు. రెండూ కలిసీ ఉండొచ్చు. బయటి నుంచి చూసి చెప్పడం కష్టం. మీ డాక్టరుగారి అంచనా తప్పని నేననను. కానీ రాత్రి మాత్ర సంగతి ఆయనకు ఎవరైనా చెప్పారా? మీ ఉత్తరం చదివితే చెప్పినట్టు లేదు.

అందుకని రేపు ఆయన్నే మళ్ళీ పిలవండి. మాత్ర పేరు, ఎన్నాళ్ళుగా పెడుతున్నదీ చెప్పి, రక్తం తీసి క్రియాటినిన్, యూరియా చూడమనండి. ఇవి కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థాలు, కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరుగుతాయి. మూత్రం కూడా చూస్తే ఇంకా మంచిది. చిన్న ఊళ్ళలో పశువులకు వేరే ల్యాబ్ ఉండదు. డాక్టరు రక్తం తీసిస్తే మనుషుల ల్యాబ్‌లోనే ఈ రెండూ చేయించొచ్చు, చాలామంది చేయిస్తున్నారు కూడా. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో క్రియాటినిన్ మామూలుగా డెసిలీటరుకు 1.4 మిల్లీగ్రాముల లోపే ఉంటుంది. 5 దాటితే కిడ్నీ జబ్బు చివరి దశ కింద లెక్క. అయితే ఒంట్లో నీరు తగ్గినా, మందు దెబ్బ తగిలినా ఆ అంకె కొన్నాళ్ళు ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి మాత్ర ఆపి, రెండు మూడు రోజులు సెలైన్ ఎక్కించి, మళ్ళీ చూడాలి. ఆ తర్వాత బాఘా అన్నం వైపు తల తిప్పితే మీకు ఇంకొన్ని వారాలో నెలలో దొరికినట్టే. తిప్పకపోతే, అంకె దిగకపోతే, డాక్టరుగారు మొదట చెప్పిన మాటే నిలబడుతుంది. అప్పుడు ఆ మాట మీద మీకు అనుమానం మిగలదు. దానికి నొప్పి తగ్గించే మందులు వేరే ఉన్నాయి, కిడ్నీల పరిస్థితి చూసి ఏది ఇవ్వాలో ఆయనే రాస్తారు. మీరు మాత్రం ఆ మాత్ర మానేసి ఇంకో మనుషుల మాత్ర మొదలుపెట్టకండి.

ఈలోగా ఇంకో రెండు మాటలు. తడిపేస్తోందని నీళ్ళ గిన్నె తీసెయ్యొద్దు. కిడ్నీలు పలచని మూత్రమే చేయగలుగుతున్నాయి కనుకనే అది అంత తాగుతోంది, నీళ్ళు తగ్గిస్తే రెండు రోజుల్లో కుప్పకూలుతుంది. కార్తీకంలో మీ వైపు తెల్లవారుజామున సిమెంటు నేల బాగా చల్లబడుతుంది, గోనెసంచులు మడతపెట్టి పైన పాత నూలు చీర వేయండి. మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చండి, లేకపోతే తుంటి దగ్గర పుండు పడుతుంది. పుండు మీద ఈగ వాలితే పురుగులు పడతాయి. అప్పుడు పడే బాధ ముందు కిడ్నీ బాధ కూడా తక్కువే. పుండు కనిపిస్తే ఫినాయిలు, కిరోసిన్ పోయడం లాంటివి ఇంట్లో ఎవరు చెప్పినా వినకండి. కడుపు కింద తువ్వాలు వేసి రెండు కొసలూ పట్టుకుని లేపితే వెనక కాళ్ళు లేకపోయినా పెరట్లోకి నడిపించొచ్చు. వెనక కాళ్ళు పడిపోవడం వేరే జబ్బు, కీళ్ళదో వెన్నుదో అయి ఉంటుంది. ఆ ఒక్క కారణంతో అయితే నేను సూది మాట ఎత్తను. నడవలేకపోయినా ఆకలేసి, మనుషుల్ని చూసి తోక ఆడించే కుక్కలు ఉంటాయి.

ఇక మీ ప్రశ్న. దాని కోసమా, మీ కోసమా అని అడిగారు. రెంటి కోసమూ అయి ఉంటుంది. రోజుకు నాలుగైదుసార్లు ఉచ్చగుడ్డలు ఉతికే మనిషికి విసుగు రాకుండా ఉంటుందా? ఆ ఇంట్లో బాఘా గురించి అందరికీ ఒక అభిప్రాయం ఉంది. ఎత్తేది, తుడిచేది మీరొక్కరే. ఇవాళ పోతే బాగుండు అనుకోవడం మంచాన పడ్డ అమ్మకు సేవ చేసే కూతుళ్ళకు కూడా వస్తుంది, పైకి అనరంతే. ఆ ఆలోచన వచ్చినందుకు మీరు చెడ్డవాళ్ళు అయిపోరు. కానీ ఒక మాట నిజం. అలిసిపోయిన రాత్రి నిర్ణయం తీసుకోకూడదు, అపరాధ భావం ముంచుకొచ్చిన పొద్దున్నా తీసుకోకూడదు. మొదటిది తొందరపెడుతుంది, రెండోది అనవసరంగా సాగదీయిస్తుంది. నేను చూసినంతలో కుక్కలు ఎక్కువ బాధపడేది రెండో దానివల్లే. ఇంకో వారం చూద్దాం, ఇంకో వారం చూద్దాం అంటూ ఉండగా ఆఖరి పది రోజులు నరకం అయిపోతుంది.

అందుకని లెక్క మీ మనసు మీద కాకుండా దాని రోజుల మీద పెట్టండి. ఆలిస్ విల్లాలోబోస్ అనే అమెరికా పశువైద్యురాలు 2004లో ఇలాంటి ఇళ్ళ కోసమే ఒక కొలత తయారుచేశారు. నొప్పి, ఆకలి, నీళ్ళు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువా అన్న ప్రశ్న, ఇలా ఏడు విషయాలు. ఒక్కోదానికి 10 మార్కులు. ఎంత సుఖంగా ఉంటే అన్ని ఎక్కువ. మొత్తం 35 దాటితే ఇంకా బతుకు సాగించొచ్చు, తగ్గితే ఆలోచించాలి అని ఆవిడ చెప్పారు. అంత లెక్క మీకు అక్కర్లేదనిపిస్తే గోడ క్యాలెండరు చాలు. రాత్రి పడుకునే ముందు ఆ రోజు గడిలో మంచి రోజైతే సున్నా, చెడ్డ రోజైతే అడ్డగీత. తనంతట తాను తిన్నదా, మామయ్యగారు కొట్టు నుంచి వచ్చినప్పుడు తల ఎత్తిందా, రాత్రి మూలిగిందా, ఈ మూడూ చూసుకుని గీయండి. సెలైన్ ఎక్కించాక కూడా వరసగా గీతలే పడుతుంటే ఇక మీరు చేసేది దాని కోసమే. మీ విసుగు దాని పక్కన ఉంటే ఉండనివ్వండి.

ఆ క్యాలెండరు మీరొక్కరే గీయొద్దు. మామయ్యగారిని విడిగా గీయమనండి, ఒకరిది ఒకరు చూడకుండా. ఆయన ఏమీ మాట్లాడరు అని రాశారు. నాకు మాత్రం, ఆ ఇంట్లో బాఘా నొప్పి గురించి రోజూ మాట్లాడుతున్నది ఆయనొక్కరే అనిపించింది, ఆ సగం మాత్రతో. పధ్నాలుగేళ్ళు కొట్టుకు తోడు వచ్చిన ప్రాణి. నిర్ణయం అందరూ కలిసి తీసుకుని ఆయనకు చివర్లో చెప్పడం అన్యాయం. మాత్ర సంగతి కూడా జాగ్రత్తగా చెప్పాలి. ఈ మాత్ర దానికి పడదట, డాక్టరు వేరేది రాస్తారట అని చాలు. మీవల్లే ఇలా అయిందేమో అన్న అర్థం వచ్చేలా ఎవరూ, ముఖ్యంగా మీ మరిది, నోరు జారకూడదు. అసలైన మాట మాత్రం కోడలు చెప్పేది కాదు, కొడుకు చెప్పాలి. గుణుపూర్ ప్యాసింజర్ దిగి ఆదివారం వచ్చినప్పుడు మీ ఆయన నాన్నగారి పక్కన కూర్చుని, రిపోర్టు చేతికిచ్చి, నువ్వేమంటావు నాన్నా అని అడగాలి. అడిగి ఊరుకోవాలి. జవాబు ఆ రోజే రాకపోవచ్చు.

అత్తయ్యగారి దగ్గరికి వద్దాం. ధర్మరాజు కథ ఆవిడ సరిగ్గానే గుర్తు చేశారు, కాకపోతే అది వినాల్సింది మీ మరిది. స్వర్గం కోసం కూడా నమ్మి వెంట వచ్చిన కుక్కను వదిలిపెట్టను అన్నాడు ధర్మరాజు. కాళ్ళు లేని కుక్కను కొండవార పాక దగ్గర దింపి రావడాన్ని ఏమంటారు? కాపలా మనిషి ఒక పూట అన్నం విదిలిస్తాడు. పక్క ఎవరు మారుస్తారు? రాత్రి నక్కలొస్తే, ఊరకుక్కలొస్తే, చీమలు పడితే అది లేవలేదు. ఆకలి దప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. జరిమానా మాత్రం మొదటిసారికి 10 నుంచి 50 రూపాయలు! ఆ రోజుల్లో రాసిన అంకె అలాగే ఉండిపోయింది. కాబట్టి చట్టం చూపించి మరిదిని భయపెట్టలేరు. అమ్మగారు చెప్పిన ధర్మరాజునే చూపించండి.

ప్రాణం తీయడం అన్నదానికి మాత్రం ఆవిడకు సమాధానం చెప్పాల్సిందే, తోసిపుచ్చకూడదు. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ దెబ్బతిని, కదల్లేక బాధపడుతుంటే, ఇక చేయగలిగింది లేదని వైద్యుడు చెప్పాక, గాంధీగారు తన ఎదుటే సూదిమందు ఇప్పించి దానికి విముక్తి కలిగించారు. కుక్క కూడా కాదు, ఆవుదూడ. దేశమంతటి నుంచీ కోపంతో ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఆయన దాచలేదు, తన పత్రికలో తానే రాసి, అది అహింసేనని వాదించారు. అత్తయ్యగారు దీన్ని ఒప్పుకోవాలని లేదు. అయితే వైద్యుడు చేతులెత్తేశాకే అన్న షరతు చూడండి. ఆవిడ తొందరపడొద్దంటున్నదీ, నేను పరీక్ష చేయించమంటున్నదీ అదే. కార్తీకం గురించి అడిగితే, సెలైన్‌తో బాఘా తేరుకుంటే పౌర్ణమి దాటేదాకా ఏమిటి, సంక్రాంతి దాకా కూడా ఆగుదాం అనండి. తేరుకోకపోతే దాని నొప్పికి తిథి చెప్పలేం. ఇంట్లో వద్దంటే పెరట్లో చేయించండి, అది కష్టమేమీ కాదు. ఆవిడ తులసి నీళ్ళు ఒక చెంచా పోస్తానంటే పోయనివ్వండి.

ఆ రోజే వస్తే ఏం జరుగుతుందో ముందే తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది. పిలిచేది రిజిస్టర్డ్ పశువైద్యుడినే. పశువుల సహాయ కేంద్రంలో ఉండే లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్‌తోనో, కాంపౌండర్‌తోనో చేయించకండి. డాక్టరును నిస్సంకోచంగా రెండు ప్రశ్నలు అడగండి. ముందు మత్తు ఇస్తారా? తర్వాత ఏ మందు వాడతారు? ముందు బాగా మత్తు ఇచ్చి, ఆ తర్వాత పెంటోబార్బిటాల్ లేదా థయోపెంటోన్ జాతి మందు నరంలోకి ఎక్కిస్తే అది నిద్రలోనే వెళ్ళిపోతుంది. మత్తు లేకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఒక్కటే ఎక్కిస్తాం అంటే వద్దని చెప్పి పంపేయండి. అది స్పృహలో ఉండగానే ఊపిరాడకుండా చేస్తుంది. మీ ఊళ్ళో కుదరకపోతే పర్లాకిమిడిలోనో రాయగడలోనో వాకబు చేయండి. పెద్ద పరీక్షలు కావాలంటే ఇటు విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, కానీ ఈ స్థితిలో ఉన్న కుక్కను అంతదూరం జీపులో కుదిపి తీసుకెళ్ళమని నేను చెప్పను.

మత్తు ఎక్కడానికి ఐదు పది నిమిషాలు పడుతుంది. కొన్ని మత్తుమందులకు వాంతి అవుతుంది, అందుకని ఇష్టమైనది పెట్టాలనుకుంటే కొంచెమే పెట్టండి, మీ వైపు చేసే పాలవిరుగుడు మిఠాయి ఛెనా పోడ అంటే ప్రాణమైతే చిన్న ముక్క. ఆ పూట ఇక పథ్యాలు అనవసరం. రెండో సూది తర్వాత నిమిషం రెండు నిమిషాల్లో గుండె ఆగిపోతుంది. కళ్ళు మూసుకోవు. అంతా అయిపోయాక కూడా ఒకటి రెండు పెద్ద ఊపిరులు తీసినట్టు కనిపించొచ్చు, కండరాలు అదరొచ్చు, మూత్రం పోవచ్చు. అవి ప్రాణం ఉన్న గుర్తులు కావు. మామయ్యగారు పక్కన కూర్చుంటానంటే ఇవన్నీ ముందే ఆయనకు చెప్పండి, లేకపోతే ఆ పెద్ద ఊపిరి చూసి ఇంకా బతికే ఉందేమో అని చాన్నాళ్ళు కుమిలిపోతారు. కూర్చోలేనంటే బలవంతం చేయకండి.

పాపకు మూడో తరగతి కదా, అన్నీ అర్థమవుతాయి. అమ్మమ్మగారింటికి పంపించి, వచ్చేసరికి పొలానికి వెళ్ళిపోయింది అని చెప్పకండి. ఆ పొలానికి తీసుకెళ్ళమని మర్నాడే అడుగుతుంది. నిద్రపుచ్చాం అని కూడా అనకండి, ఆ తర్వాత తను నిద్రకు భయపడుతుంది. బాఘాకు జబ్బు నయం కాదు, చాలా నొప్పిగా ఉంది, నొప్పి లేకుండా చచ్చిపోయేలా డాక్టరు మందు ఇస్తారు అని, చచ్చిపోవడం అనే మాటే వాడి చెప్పండి. ఏడుస్తుంది. ఏడవనివ్వండి. సూది వేసేటప్పుడు ఉండక్కర్లేదు, ముందూ తర్వాతా దగ్గరికి రావాలంటే రానివ్వండి.

పాతిపెట్టడానికి మాత్రం మీ మరిది చెప్పిన కొండవార పొలమే సరైన చోటు. గొయ్యి తవ్వే పని అతనికే అప్పజెప్పండి. లోతు నాలుగడుగులకు తగ్గకుండా, బావికి దూరంగా. వంశధార ఇసుకలో వద్దు, వరదొస్తే బయటపడుతుంది. ఆ సూదిమందు కళేబరంలో చాలాకాలం ఉంటుంది, నక్కలో కుక్కలో తవ్వి తింటే అవీ చచ్చిపోతాయి. ప్లాస్టిక్ చుట్టకుండా నూలు గుడ్డలో పెట్టి, మట్టి కప్పాక పైన రాళ్ళు పేర్చమనండి.

సూది దాకా రాకుండా బాఘా తనంతట తానే పోవచ్చు కూడా, ఈ వయసులో అదీ జరుగుతుంది. ఎలా జరిగినా, మర్నాడు ఉతకాల్సిన గుడ్డలు లేని పొద్దున మీకు మొదట వచ్చేది దుఃఖం కాకపోవచ్చు, హమ్మయ్య అనిపించవచ్చు. దానికి కంగారు పడకండి, ఏడుపు వెనకాల వస్తుంది, ఎప్పుడు వస్తుందో చెప్పలేం. ఇప్పటికైతే మీ ఆయనకు ఒక మాట గట్టిగా చెప్పండి. ఆదివారం వచ్చి సలహా ఇచ్చి వెళ్ళడం కుదరదు, ఆ ఒక్క రోజూ, ఆ రాత్రీ గుడ్డలు మార్చే పని ఆయనదే. మీరు వేరే గదిలో తలుపేసుకుని పడుకోండి. సూది రోజు ఖాయమైతే ఆయన సెలవు పెట్టి రావాల్సిందే.

పరీక్ష చేయించాక క్రియాటినిన్ ఎంతొచ్చిందో, మాత్ర ఆపాక ఎన్ని పూటలు తిన్నదో రాయండి. ఆ మాత్ర పేరు, ఎన్నాళ్ళుగా పెడుతున్నారన్నది కూడా. మీ ఉత్తరంలో ఆ రెండూ లేవు.